లాప్‌టాప్ సంగతి తర్వాత, ముందు ఫోన్ చూడండి

ప్రశ్న: మూడు రోజులుగా నా విండోస్ లాప్‌టాప్ ఆన్ చేస్తే లోగో వస్తోంది, చుక్కలు తిరుగుతున్నాయి, అంతలోనే నీలం స్క్రీన్ పడి కథ మళ్లీ మొదటికొస్తోంది. ఆ స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చదివేలోపే మాయమవుతోంది. ఐదేళ్ల ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. ఫార్మాట్ చేయక తప్పదా? నెట్‌లో వెతికితే ఒక కస్టమర్ కేర్ నంబర్ దొరికింది. ఫోన్ చేస్తే నా మొబైల్‌లో ఏదో యాప్ వేయించి, అందులో వచ్చిన కోడ్ అడిగారు. చెప్పాను. తర్వాత లైన్ కట్ అయింది.

జవాబు: మీరు చివర్లో రాసినదే మొదట రాయాల్సింది. లాప్‌టాప్ ఎలాగూ మూడు రోజులుగా పడకేసింది, ఇంకో గంట ఆగినా దానికి కొత్తగా వచ్చే నష్టం లేదు. మీ ఫోన్ మాత్రం ఈపాటికి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో ఉండొచ్చు. పాడైంది లాప్‌టాప్ అయితే యాప్ ఫోన్‌లో ఎందుకు వేయించాడు? ఓటీపీలు వచ్చేది ఫోన్‌కే కాబట్టి. ఆ కోడ్ చెప్పారంటే మీ స్క్రీన్ చూసే హక్కు అతనికి ఇచ్చేసినట్టే. లైన్ కట్ అయినంత మాత్రాన అది పోదు.

వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. ఆ యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అనే జాబితాలో దాని పేరు ఉందేమో చూడండి, ముందు అక్కడ ఆపాలి. యాక్సెసిబిలిటీలోకి కూడా వెళ్లండి. మీరు ఆన్ చేసిన గుర్తు లేనిది ఏది కనిపించినా ఆపేయండి. ఆ పర్మిషన్ ఉన్న యాప్ మీ స్క్రీన్‌ను చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. ఇక ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని బ్యాంకుకు చెప్పండి. నంబర్ మళ్లీ నెట్‌లో వెతక్కండి, కార్డు వెనక ఉంటుంది. మెయిల్ పాస్‌వర్డ్ కూడా మీ ఫోన్ నుంచి కాదు, ఆ ఇంకొకరి ఫోన్ నుంచే మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. మిగతా పాస్‌వర్డులన్నీ రీసెట్ అయ్యేది ఆ మెయిల్‌తోనే కదా.

అయ్యాయా? ఇప్పుడు కాసేపు నా గోడు వినండి. ఇలాంటి ఉత్తరం వచ్చిన ప్రతిసారీ రాసినవారి మీద కోపం వస్తుంది, ఆ వెంటనే ఆ నీలం స్క్రీన్ మీద అంతకన్నా ఎక్కువ వస్తుంది. మెషీన్ కూలిపోయిందని చెప్పడానికి ఒక విచారం మొహం బొమ్మ, ఒక క్యూఆర్ కోడ్, ఎవరికీ అర్థంకాని ఒక కోడ్ పేరు. అదైనా తీరిగ్గా చదవనిస్తారా అంటే, దానంతటదే రీస్టార్ట్. ఏం జరిగిందో మామూలు మాటల్లో చెప్పకపోతే మనిషి ఏం చేస్తాడు, సెర్చ్‌లో వెతుకుతాడు. దొంగ కాచుకుని ఉండేదీ అక్కడే. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఇలాగే ఆన్ కాకుండా పోయాయి. అదే అదనుగా రిపేరు చేస్తామంటూ మోసగాళ్లు మెయిళ్లు మొదలుపెట్టారు, రిపేరు ఫైలు పేరుతో వైరస్‌లూ అంటగట్టారు. ఒక్కటి గుర్తుంచుకోండి: అసలైన నీలం స్క్రీన్ మీద ఫోన్ నంబర్ ఉండదు. నంబర్ కనిపిస్తే అది నకిలీ, ఎక్కువసార్లు బ్రౌజర్‌లో తెరుచుకున్న పేజీయే.

ఇక లాప్‌టాప్. ఎక్కడ ఆగిపోతోంది అన్నదే ముఖ్యం. లోగో కూడా రాకుండా ఆగితే హార్డ్‌వేర్‌ను అనుమానించాలి. పాస్‌వర్డ్ కొట్టాక ఆగితే ఆన్ అవగానే తెరుచుకునే యాప్‌లను చూడాలి. మీది మధ్యలో ఆగుతోంది కాబట్టి కారణం డ్రైవరో (లోపలి పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేటో అయి ఉండే అవకాశమే ఎక్కువ. యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేసి, చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆఫ్ చేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది.

అక్కడికి చేరగానే రిపేరు మీద పడకండి, ముందు ఫొటోలు. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో కమాండ్ ప్రాంప్ట్. నల్ల విండోలో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే డిస్క్‌లో ఉన్నవన్నీ కనిపిస్తాయి. డ్రైవ్ అక్షరాలు (C, D లాంటివి) మీకు అలవాటైనట్టు ఉండకపోవచ్చు, వెతుక్కోండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, ఫొటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఆ డిస్క్‌లోకి వెళ్లి పేస్ట్. ఎంతవరకు వచ్చిందో చూపించదు, బిగుసుకుపోయినట్టే ఉంటుంది. కంగారుపడి ఆఫ్ చేయకండి, డిస్క్ లైటు మిణుకుమంటోందంటే పని జరుగుతున్నట్టే.

ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడిగితే బెదిరిపోవద్దు. చాలా కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఖాతాతో మొదటిసారి లాగిన్ అయినప్పుడే డిస్క్‌కు తాళం పడిపోతుంది, మీకు గట్టిగా చెప్పేవాడు ఉండడు. ఇంకో ఫోన్‌లో అదే ఖాతాలోకి వెళ్తే కీ దొరుకుతుంది. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లను అడగండి. తాళం వేయడం మంచిదే, తాళంచెవి ఎక్కడుందో చెప్పకపోవడమే దుర్మార్గం. ఆ కీ మాత్రం ఫోన్‌లో ఎవరడిగినా చెప్పకండి.

ఫొటోలు బయటపడ్డాక అదే మెనూలో స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీస్టార్ట్ చేసి, 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి వాటితోనే విండోస్ నడిచే పద్ధతి. అందులో బాగా నడిస్తే ఈమధ్య వేసిన డ్రైవర్‌నో, యాంటీవైరస్‌నో తీసేయండి. అప్‌డేట్ తీయడానికి రికవరీ మెనూలోనే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంది. సేఫ్ మోడ్‌లోనూ కూలిపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోనే 9 నొక్కండి, ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆగుతుంది. ఈసారి నీలం స్క్రీన్ నిలబడుతుంది కాబట్టి ఫొటో తీసి నాకు పంపండి. అప్పుడు ర్యామ్, డిస్క్ సంగతి చూద్దాం. ఫార్మాట్ మాట ఇప్పుడే వద్దు.

ప్రశ్న: షట్‌డౌన్ చేసి మర్నాడు ఆన్ చేస్తే నా లాప్‌టాప్ బిగుసుకుపోతోంది, రీస్టార్ట్ చేస్తే చక్కగా నడుస్తోంది. రెండూ ఒకటి కాదా?

జవాబు: కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు సిస్టమ్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, ఉన్న స్థితిని డిస్క్‌లో దాచుకుని పడుకుంటుంది. నిన్నటి డ్రైవర్ తలనొప్పి పొద్దున్నే దాంతోపాటే లేస్తుంది. రీస్టార్ట్ మాత్రం నిజంగానే మొదటి నుంచి మొదలవుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఆన్ కావడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.