‘నమ్మితే’కీ ‘నమ్మితేనే’కీ మధ్య

సందేహం: మా చర్చి నెలపత్రికలో ప్రసంగాల సారాంశం నేనే రాస్తుంటాను. ఈమధ్య ఒక ప్రసంగీకుడు రెండో తిమోతి 3:16 చదివి, ‘బైబిల్లో ఒక్క తప్పు కూడా లేదని నమ్మితేనే రక్షణ’ అన్నారు. చోటు చాలక నేను దాన్ని ‘బైబిల్‌ను నమ్మితే రక్షణ’ అని కుదించాను. అచ్చయ్యాక గొడవైంది. ‘నమ్మితేనే’ అని ఉండాలని ఒకరు, అసలు ‘యేసునందు విశ్వాసముంచితే’ అని ఉండాలని ఇంకొకరు. మూడూ ఒకటే కదా? ‘రక్షింపబడు’, ‘రక్షించబడు’లలో ఏది సరైనదో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

సమాధానం: మూడూ ఒకటి కావమ్మా. (క్రైస్తవుల మాటలో ‘రక్షణ’ అంటే పాపం నుంచి విడుదల.) మీరు తీసేసింది నాలుగు మాటలూ ఒక ‘ఏ’ మాత్రమే, కానీ వాటిలోనే అసలు తగాదా ఉంది.

‘నమ్ము’ క్రియ రెండు రకాలుగా నడుస్తుంది. ఒకటి, మనిషినో వస్తువునో కర్మగా తీసుకోవడం: నిన్ను నమ్మాను, భూమిని నమ్ముకున్నాడు. రెండోది, ‘అని’తో ఒక పూర్తి వాక్యాన్ని వెంట తెచ్చుకోవడం: వాన పడుతుందని నమ్మాను. పోయిన నెల సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి తార్నాక పొమ్మన్నాను. మెట్టుగూడ మీదుగా వెళ్ళకుండా బండిని లాలాగూడ గల్లీల్లోకి తిప్పాడు. నేను ఫోన్లో మ్యాప్ తీశాను. అద్దంలోంచి చూసి, ‘మ్యాప్ గీప్ నమ్మకుండ్రి సార్, నన్ను నమ్ముండ్రి’ అన్నాడు. మ్యాప్ తప్పని అతను రుజువు చేయలేదు, నేనూ అడగలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి వాలాను. ‘నిన్ను నమ్మాను’ అంటే ఆ వాలడమే. (మీటర్ని మాత్రం నమ్మలేదు, అది వేరే సంగతి.)

‘విశ్వాసం’ ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. కుక్కకు విశ్వాసం ఉంటుందంటాం, అన్నం పెట్టిన చేతిని మరవదని. అసెంబ్లీలో అవిశ్వాస తీర్మానం పెడతారు. ముఖ్యమంత్రి ఉన్నాడని నమ్మడం లేదని దాని అర్థం కాదు కదా! కొత్త నిబంధన గ్రీకులోని ‘పిస్తిస్’ కూడా ఇలాంటి మాటే. నమ్మడం, నమ్మినదానికి కట్టుబడి ఉండడం రెండూ దానిలో ఉన్నాయి. ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుడు ‘రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను’ అని అడిగినప్పుడు, యేసు బోధ చాటుతూ అక్కడికి వచ్చిన పౌలు, సీల చెప్పింది ‘ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము’ అని. ‘ఉంచు’ అన్న క్రియను చూడండి. బంగారం ఎవరి దగ్గరైనా ఉంచుతామే, ఆ ఉంచడం. అక్కడ ‘అని’ లేదు, ‘యందు’ ఉంది. ఆ ‘యందు’కు ముందున్నది మనిషి పేరు, పుస్తకం పేరు కాదు.

అలాగని ‘అని’ నమ్మడానికి క్రైస్తవంలో చోటే లేదనుకోకండి. రోమా 10:9లో ‘దేవుడు మృతులలోనుండి ఆయనను లేపెనని నీ హృదయమందు విశ్వసించినయెడల’ రక్షింపబడుదువని ఉంది. అది స్పష్టంగా ‘అని’ వాక్యమే. కానీ ఆ ‘అని’కి ముందున్నది యేసుకు జరిగిన సంగతి, గ్రంథానికున్న లక్షణం కాదు. ఇక యాకోబు పత్రిక అయితే వట్టి ‘అని’ నమ్మకాన్ని వెక్కిరిస్తుంది కూడా: దేవుడొక్కడే అని దయ్యములును నమ్మి వణకుచున్నవట!

ఆదివారం మీరంతా నిలబడి చెప్పే అపొస్తలుల విశ్వాస ప్రమాణాన్ని ఒకసారి మనసులో చెప్పుకోండి. ‘నమ్ముచున్నాను’ అని ఎన్నిసార్లు అన్నా, లేఖనం (అంటే పవిత్ర గ్రంథం) అన్న మాట దానిలో రాదు. మరో పాత విశ్వాస ప్రమాణమైన నైసీయ ప్రమాణంలో ‘లేఖనముల ప్రకారము’ అని వస్తుంది గానీ అది క్రీస్తు తిరిగి లేచాడన్న మాటకు విశేషణంగా వస్తుంది.

ఇప్పుడు ప్రసంగీకుడు చదివిన వచనం. ‘దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము ఉపదేశించుటకును, ఖండించుటకును, తప్పు దిద్దుటకును, నీతియందు శిక్షచేయుటకును ప్రయోజనకరమై యున్నది.’ ‘శిక్ష’ అంటే ఇక్కడ దండన కాదు, శిక్షణ. ‘ఆవేశం’ అంటే కోపమూ కాదు. గ్రీకు మాటకు సూటి అర్థం దేవుడు ఊపిరి ఊదినది అని. గ్రీకులో ఈ వాక్యంలో ‘ఉన్నది’ అనే క్రియ లేదు. కాబట్టి ‘ప్రతి లేఖనమూ దైవావేశం వల్ల కలిగినదీ, ప్రయోజనకరమైనదీ’ అనీ చదవొచ్చు, ‘దైవావేశం వల్ల కలిగిన ప్రతి లేఖనమూ ప్రయోజనకరమైనది’ అనీ చదవొచ్చు. తెలుగు బైబిల్ రెండోది ఎంచుకుంది. ఎలా చదివినా ఇందులో ‘తప్పులేనిది’ అన్న మాటగానీ, ‘అని నమ్మితే’ అన్న షరతుగానీ లేవు. పైగా రక్షణ ముచ్చట దీనికి ముందు వచనంలోనే ఉంది: లేఖనాలు రక్షణార్థమైన జ్ఞానం కలిగిస్తాయట, ‘క్రీస్తుయేసునందుంచవలసిన విశ్వాసము ద్వారా’. మళ్ళీ అదే ‘ఉంచు’.

ప్రసంగీకుడి వైపూ న్యాయం ఉంది. యేసు ఎవరో మనకు తెలిసింది ఆ గ్రంథం ద్వారానే కదా, అదే చెడితే మిగిలేదేమిటని ఆయన భయం. ఆ భయం ఉన్న పండితులే 1978లో షికాగోలో కూడి బైబిల్లో తప్పులు లేవని ఒక ప్రకటన చేశారు. కాదంటే తీవ్ర పరిణామాలుంటాయని హెచ్చరించారు కూడా. అయినా ఆ ప్రకటన 19వ అంశంలోనే, ఈ ఒప్పుకోలు రక్షణకు తప్పనిసరి అని తాము అనడం లేదని రాసిపెట్టారు. ‘నమ్మితేనే’ దాకా వాళ్ళే వెళ్ళలేదు. ఇంకో చిక్కు. ‘బైబిల్’ అన్నప్పుడు అబిడ్స్‌లోని ప్రొటెస్టెంట్ల సెయింట్ జార్జ్ చర్చిలో చదివే బైబిల్లో 66 పుస్తకాలు, గన్‌ఫౌండ్రీలోని కథోలిక కెథడ్రల్‌లో చదివేదానిలో 73. దేన్ని నమ్మితేనే? 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయిన తెలుగు సువార్తలు మూడే, మత్తయి, మార్కు, లూకా. ఆనాడు తెలుగు తప్ప వేరే భాష రాని విశ్వాసి చేతిలోని అచ్చు బైబిల్ అంతే.

ఇక ‘నమ్మితేనే’ చివరనున్న ఆ ‘ఏ’. ‘చదివితే పాసవుతావు’ అన్నప్పుడు వేరే దారి మూసుకోలేదు. ‘చదివితేనే పాసవుతావు’ అంటే మూసుకుంది. తెలుగు బైబిల్ ఈ ‘ఏ’ని రక్షణ విషయంలో వాడింది కూడా, అపొస్తలుల కార్యములు 4:12లో: ‘ఈ నామముననే మనము రక్షణ పొందవలెను’. అది పడింది ‘నామము’ మీద.

అందుచేత వచ్చే నెల సవరణ వేయండి. అది ప్రసంగీకుడి మాట కాబట్టి, మీకు నచ్చినా నచ్చకపోయినా, ఆయన ‘అని’నీ ‘ఏ’నీ తియ్యకుండా కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ‘అని ప్రసంగీకుడు అభిప్రాయపడ్డారు’ అని రాయండి. పత్రిక మాటగా ఏదైనా రాయాలనుకుంటే మీ రెండో విమర్శకుడి వాక్యం వేసుకోండి.

‘రక్షింపబడు’ పాత వ్యాకరణ రూపం, ‘రక్షించబడు’ నేటి వాడుక. రెండూ సరే. నన్నడిగితే, ‘రక్షణ పొందారు’ అనడం వీటికంటే హాయిగా ఉంటుంది.