హౌస్ సర్జన్‌కి పీజీ ప్రశ్నలా?

ప్రశ్న: శ్రీకాకుళంలో హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర్లో చేసే ఏడాది శిక్షణ) చేస్తున్నాను. ఇప్పుడు క్యాన్సర్ కేసులు చూసే యూనిట్లో పోస్టింగ్. సర్జన్, రేడియేషన్ డాక్టర్, పెథాలజిస్టు అందరూ కూర్చునే ట్యూమర్ బోర్డులో పీజీలను (ఎండీ, ఎంఎస్ చదివేవాళ్లను) అడిగేవే నన్నూ అడుగుతున్నారు. నోరు పెగలట్లేదు. ఆంకాలజీకి (క్యాన్సర్ వైద్యానికి) నేను పనికిరానేమో?

జవాబు: ఆ ప్రశ్నలతో అది తేలదు. కేసు ఒకటే అయినా ఎవరి వంతు వారిది. మన వైపు కేసే తీసుకోండి. అడ్డపొగ అలవాటున్న అమ్మ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్లు మన పల్లెల్లో మీకు కొత్త కాదు) అంగిట్లో పుండుతో వచ్చింది. స్టేజి ఎంత, సర్జరీ ముందా అన్నది పీజీ చెప్పాలి. మీరు చెప్పాల్సింది వేరు. అలవాటు ఎన్నేళ్లది, రోజుకెన్ని చుట్టలు? పుండు ఎన్ని సెంటీమీటర్లు, గ్లవుజు వేలితో తాకితే అంచు గట్టిగా ఉందా? మెడలో గడ్డలున్నాయా? తన పనులు తానే చేసుకుంటోందా? రెండు మూడు వారాలైనా మానని పుండు అయితే బయాప్సీ అయిందా? ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పగలిగితే బోర్డు మీ మాట వింటుంది. పళ్లు కూడా చూడండి. పుచ్చినవి రేడియేషన్‌కి రెండు వారాల ముందే తీయించాలి, తర్వాత తీస్తే దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది. ఈ మాట చాలాసార్లు అందరూ మరిచిపోతారు.

కీమో ఆర్డరు మాత్రం ఒంటరిగా రాయొద్దు, ఎవరు పురమాయించినా సరే. లెక్క నేర్చుకోండి: ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు అయితే గుణించి 3600తో భాగించి వర్గమూలం తీస్తే ఒంటి ఉపరితల వైశాల్యం 1.5 చదరపు మీటర్లు. చాలా కీమో మందుల డోసు దాని మీదే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కేసు షీటులోని పాత బరువే ఎక్కించేస్తారు. నోరు నొప్పితో తిండి తగ్గిన మనిషి నెలలో నాలుగైదు కిలోలు తగ్గిపోవచ్చు. ప్రతి కీమో సైకిల్‌కీ (విడతకీ) మీరే తూయించండి. లెక్క మీరు వేయండి; పీజీ, నర్సు విడివిడిగా మళ్లీ వేసి సరిచూడాలి.

కీమో తర్వాత జ్వరం 38.3 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్ల రక్తకణాల కౌంట్ రిపోర్టు కోసం ఆగొద్దు. వెంటనే సీనియర్‌కి ఫోన్ చేసి, బ్లడ్ కల్చర్ తీయండి. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. స్టేజి తేల్చే టీఎన్ఎం పట్టిక కంటే ముందు ఇది నోటికి రావాలి.

రేపే సీనియర్ పీజీతో, "అన్నా, వచ్చే బోర్డులో ఒక కేసు హిస్టరీ, ఎగ్జామినేషన్ నేను ప్రజెంట్ చేస్తా, స్టేజింగ్ నుంచి మీరు అందుకోండి" అనండి. శాంపిళ్లు మోయడమే మీ పనైపోయినా ఇదే మాట.

దారుల సంగతి: ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీతో నేరుగా ఎండీ రేడియేషన్ ఆంకాలజీ, మూడేళ్లు. మెడికల్ ఆంకాలజీకి ఎండీ తర్వాత డీఎం, సర్జికల్‌కి ఎంఎస్ తర్వాత ఎంసీహెచ్, అంటే ఇంకో మూడేళ్లు, నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి. నిర్ణయానికి ముందు విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి, కొన్నాళ్లు పక్కన ఉండి చూసే వీలుందేమో అడగండి. శ్రీకాకుళం నుంచి రెండు మూడు గంటల దారే.