బొంతలో రంగుల గళ్ళ మధ్య పట్టీలకు, అంచుకు ఏ గుడ్డ బాగుంటుంది?

మీ గళ్ళు ఎరుపు, పసుపు, చిలకపచ్చ అన్నారు కాబట్టి మధ్య పట్టీలకు పూలూ చుక్కలూ లేని ప్లెయిన్ కాటన్ తీసుకోండి. తెలుపు వేస్తే బొంత వెలుతురుగా కనిపిస్తుంది కానీ త్వరగా మాసిపోతుంది. నా ఓటు ముదురు నీలానికే. దాని పక్కన పసుపు దీపంలా వెలుగుతుంది. విజయవాడలోని బట్టల మార్కెట్ వస్త్రలతకు వెళ్ళేటప్పుడు రెండు గళ్ళు వెంట తీసుకెళ్ళండి. గుడ్డ తాను మీద వాటిని పరిచి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. ముందు కంట పడాల్సింది గళ్ళు, పట్టీ కాదు. 10 అంగుళాల గడికి 2 అంగుళాల పట్టీ చాలు, కుట్టుతో కలిపి రెండున్నర కత్తిరించండి. అంచుకు అదే నీలం, లేదా గళ్ళలో తక్కువగా ఉన్న రంగు. ముదురు గుడ్డను మాత్రం కుట్టకముందే ఉతకండి, తర్వాత రంగు దిగితే పసుపు ముక్కలు పాడవుతాయి.