అత్తమ్మను చించేరోలో కూసోబెట్టు, చెల్లె

ప్రశ్న: మాది నారాయణపేట. మావారి ఆఫీసు పని మీద జూన్‌లో పెరూ వెళ్తున్నాం, వెంట మా అత్తమ్మ కూడా వస్తున్నారు. ఆమెకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి, బీపీ గోలీ వేసుకుంటారు. మచు పిచ్చు టికెట్లు, ఒయాంతాయ్‌తాంబో నుంచి రైలు బుక్ అయ్యాయి. అవి పోను కుస్కో చుట్టుపక్కల మూడు రోజులు మిగిలాయి. పీసాక్, మొరాయ్, మారాస్, ఒయాంతాయ్‌తాంబో, చించేరో అన్నీ ఒక్క రోజులో చూపిస్తామని ప్యాకేజీలు కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దు చెల్లె. అసొంటి ప్యాకేజీనే నేను మొదటిసారి తీసుకున్న. పొద్దున ఆరున్నరకు వ్యాను ఎక్కిస్తే రాత్రి ఏడింటికి దించిండ్రు. పీసాక్‌ల నలభై నిమిషాలు, చించేరోల ఇరవై. వ్యాను కిటికీకి తల ఆనిచ్చి, వాంతి ఆపుకుంట కూసున్నదే ఎక్కువ యాదికున్నది. అంత దూరం పోయి, అన్ని పైసలు పెట్టి అట్ల చూసొచ్చినందుకు ఇంటికొచ్చినంక కూడా బాధపడ్డ. మళ్లీ రెండేండ్లకు మా బిడ్డతోని పోయిన. అప్పుడు చూసిందే నీకు చెప్తున్న.

ముందు ఎత్తు సంగతి. మన పాలమూరు దిక్కు ఊర్లు సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తుల ఉంటయి. కుస్కో 3,400 మీటర్లు. విమానం దిగంగనే గాలి చాలదు, నాలుగు మెట్లెక్కితే గుండె దడదడ కొట్టుకుంటది. అందుకని మొదటి రాత్రి కుస్కోల పండొద్దు. ఎయిర్‌పోర్టు నుంచే టాక్సీ మాట్లాడుకొని కిందికి, ఉరుబంబా లోయలకు దిగిపోండి. ఒయాంతాయ్‌తాంబో 2,800 మీటర్ల లోపే. ఆ ఆరు వందల మీటర్ల తేడా పెద్దవాళ్లకు చాన పనికొస్తది. బయల్దేరే ముందు అత్తమ్మను ఆమె బీపీ చూసే డాక్టరుకు చూపించి, ఎత్తుకు వేసుకునే గోలీ సంగతి ఆయన్నే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లకు అది పడకపోవచ్చు, ఆ ముచ్చట ముందే చెప్పాలె. హోటల్ల కోకా ఆకు టీ ఇస్తరు, అక్కడ అది మామూలే. ఆ ఆకు మాత్రం సంచిల పెట్టుకొని ఇంటికి తేవద్దు, మన దగ్గర నేరం.

ఒయాంతాయ్‌తాంబోల రెండు రాత్రులు ఉండండి, ఎట్లాగూ మీ రైలు అక్కడి నుంచే. కొండ మీది కట్టడానికి మెట్లు నిట్టనిలువుగ ఉంటయి, అత్తమ్మను ఎక్కించొద్దు. నువ్వు, మీ ఆయన పొద్దున్నే ఎక్కి రండి. పైన గులాబీరంగు రాతిబండలు ఆరు, పక్కపక్కన నిలబెట్టి ఉంటయి. వాటిని నది అవతలి కొండ మీది గని నుంచి తెచ్చిండ్రు. దారి మధ్యలనే ఆగిపోయిన బండలు ఇప్పటికీ పడి ఉన్నయి, వాటిని ‘అలసిన రాళ్లు’ అంటరు అక్కడివాళ్లు. స్పెయిన్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలిన ఇంకాల రాజు మాంకో, 1537ల స్పెయిన్ సైన్యాన్ని తరిమింది ఈ కొండ కాడనే. అత్తమ్మ కింద ఊర్లనే ఉండనీ. ఇంకాల నాటి గల్లీలల్ల, అవే పునాదుల మీద ఇప్పటికీ జనం కాపురముంటున్నరు. గల్లీ అంచున రాతికాలువల సల్లటి నీళ్లు పారుతుంటయి. ఆ సప్పుడు వింటుంటే నాకు మా పానగల్లు ఉదయసముద్రం తూము యాదికొచ్చింది.

మూడోనాడు కుస్కోకు తిరిగొచ్చే తొవ్వల చించేరో. ఒక్క పూటంతా దీనికే ఇయ్యి. 3,760 మీటర్లు, కుస్కో కంటే ఎత్తు, అందుకే చివర్ల పెట్టుకోమంటున్న. తూపాక్ యుపాంకి అనే ఇంకా రాజు కట్టించుకున్న మహలు గోడల మీదనే స్పెయిన్ వాళ్లు చర్చి లేపిండ్రు. అవన్నీ గంటల అయిపోతయి. అసలు సంగతి ఆడవాళ్ల నేత.

నేను పోచంపల్లి దిక్కు నేత ఇంట్ల పుట్టినదాన్ని. మా అమ్మ ఆసు పోసేది, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ తిప్పేది. ఒక్క చీరకు చెయ్యి 9,000 సార్లు అటుఇటు తిరగాలె. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. మా అమ్మ కాలానికి ఆ మిషన్ లేదు. చించేరోల ఒక పెద్దామె వాకిట్ల కూసొని నేస్తుంటే నా కండ్లు ఆమె భుజం మీదనే నిలిచినయి. ఆమెకు మగ్గం గుంట లేదు, పలకలు లేవు. పడుగు ఒక కొస గుంజకు కట్టి, ఇంకో కొస తన నడుముకు పట్టీతోని కట్టుకున్నది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తది, ముందుకు వంగితే వదులైతది. పోగులను వేళ్లతోనే ఏరి పువ్వు లేపుతది, లామా ఎముకతో చేసిన మొనదేలిన పనిముట్టుతోని పేకను దగ్గరికి కొడ్తది. మన దగ్గర చిట్కీల, అంటే పోగులకు ముడులేసి రంగద్దే ఇక్కత్ నేతల, పోగు మీదనే బొమ్మ పడ్తది. వీళ్లకు కాగితం మీద గీత కూడా ఉండదు, బొమ్మ మొత్తం మనసుల లెక్కనే.

తర్వాత ఒక గడ్డను గీకి నీళ్లల్ల వేసింది. కుంకుడుకాయ లెక్కనే నురుగొచ్చింది, మురికి ఉన్ని దాంట్ల తెల్లగైంది. మన గుట్టల మీద పెరిగే నాగజెముడు అసొంటి జెముడు మీద తెల్లటి బూజు లెక్క ఒక పురుగు పడ్తది. దాన్ని గిల్లి నా అరచేతిల నలిపింది, రక్తం లెక్క ఎరుపు. నాలుగు చుక్కల నిమ్మరసం పిండింది, అదే ఎరుపు నారింజకు తిరిగింది. ఇంత సేపుల ఆమె ఒక్క మాట స్పానిష్‌ల చెప్పలే, అంతా అక్కడి కొండభాష కెచువానే. మాకు అర్థం కాని ముక్క ఒక్కటి లేదు.

నేత ఇంటి మనిషైతే మీ అత్తమ్మకు గైడు అక్కరలేదు. ఒక రాట్నం కండె సంచిల పెట్టుకొని పోనీ, వాళ్లకు చూపిస్తది. కొనేటప్పుడు నేసినామె చేతికే పైసలియ్యండి. బేరం అతిగ చెయ్యకండి. ఒక్క నడికట్టు వెనక ఎన్ని రోజుల చాకిరి ఉంటదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మొరాయ్, మారాస్ అదే దిక్కున ఉన్నయి. పానం మంచిగుంటే పొండి. మొరాయ్ గుండ్రటి మెట్ల పొలాలు పైన గట్టు మీద నిలబడి చూసినా సరిపోతది. మారాస్ ఉప్పు మడులల్లకు 2019 నుంచి దిగనిస్తలేరు, పై నుంచే చూడాలె. జూన్‌ల అక్కడ వానలుండయి గనుక ఉప్పు గీకుతుంటరు. దానికి టికెట్ వేరు, మిగిలిన వాటికి కుస్కో ఉమ్మడి టికెట్ తీసుకోండి. 24న ఇంతి రాయ్మి పండుగ, ఆ వారం కుస్కోల రూములు దొరకయి, ముందే చూసుకోండి. రాత్రులు గడ్డకట్టే సలి, అత్తమ్మకు ఉన్ని సాక్సులు తప్పనిసరి.

తిండికి రంది పడకండి. ఉడికిన మక్కలను అక్కడ ‘మోతె’ అంటరు, మన గుడాలే. జున్నుముక్కతోని పెద్ద గింజల కంకి, కినోవా చారు, ఆలుగడ్డలు ఏ ఊర్లనైనా దొరుకుతయి. ‘సిన్ కార్నె, సిన్ పొయో’ అని నేర్చుకోండి: మాంసం వద్దు, కోడి వద్దు.

ప్రశ్న: మాది బాలానగర్ దగ్గర, సీతాఫలం తోట ఉంది. ఈ పండు దక్షిణ అమెరికా దిక్కు నుంచి వచ్చిందంటారు, మీరు అక్కడ చూశారా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అవునండి, సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండాల వేడి ప్రాంతమే. ఆండీస్ లోయలల్ల నేను చూసింది దాని చుట్టం, చిరిమోయ. మే నెలల ఉరుబంబా అంగట్ల ఒకామె గోనెసంచి మీద పోసి అమ్ముతుండె. మన బాలానగర్ కాయకున్నట్టు కండ్లు ఉబ్బి ఉండయి, తోలు నున్నగ, వేలితోని ఒత్తిన గుంతల లెక్క ఉంటది. గింజలు తక్కువ, గుజ్జు ఎక్కువ, తీపిల కొంచెం పులుపు. మీ పండు రుచి తెలిసిన నోటికి చెప్తున్న, తీపిల మీదే పైచెయ్యి. గింజలు తెచ్చి మీకు పంపాలని మనసైంది గానీ, పర్మిషన్ లేకుండ విత్తనం దేశంలకు తేవద్దు. చీడ వెంట వస్తే పోయేది మీ తోటలే. ఆమె ఇచ్చిన కాయను అక్కడనే మెట్ల మీద కూసొని తిన్న, గింజలు ఆమె చేతుల్నే పెట్టొచ్చిన.