అనాటమీ పోయిందని నర్సింగ్ మానేయాలా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. నేను ఆటో నడుపుతాను. మా బిడ్డ ఇంటర్ బైపీసీ దాకా తెలుగు మీడియంలోనే చదివి హైదరాబాద్‌లో బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ పేపరు పోయింది. "నాకు ఈ ఇంగ్లిష్ రాదు నాన్నా, ఇంటికొచ్చేస్తా" అని రోజూ ఏడుస్తోంది. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎంలోకి మారిస్తే నయమా? చుట్టాలేమో "మలమూత్రాలు ఎత్తే పనికి ఇంత ఖర్చెందుకు" అంటున్నారు. తెలిసినాయన ఒకరు కాలేజీ మాన్పించమన్నాడు. రెండున్నర లక్షలు కడితే జర్మనీలో నర్సింగ్ చదువు, నెలనెలా స్టైపెండ్ ఇప్పిస్తానన్నాడు. అడ్వాన్సు పదివేలు, బిడ్డ పాస్‌పోర్టు ఆయనకు ఇచ్చాను. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, బిడ్డను ఇంటికి తీసుకురాకండి. మిగతా రూపాయి కూడా ఎవరికీ కట్టకండి. ఈ రెండూ ముందు గట్టిగా పట్టుకోండి, కారణాలు చెబుతాను.

పేపరు పోతే ఏడాది పోతుందని భయపడుతున్నట్టున్నారు. పోదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చింది. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. పేపరు మిగిలిపోయినా పై సెమిస్టర్ క్లాసులకు వెళ్లొచ్చు. ఐదో సెమిస్టర్ పరీక్షలు రాసేలోపు వెనకటివన్నీ పాసై ఉంటే చాలు. అంటే మీ అమ్మాయి చేతిలో ఇంకా సమయముంది. అసలు ప్రమాదం హాజరు దగ్గరుంది. ప్రతి సబ్జెక్టులో థియరీకీ ప్రాక్టికల్‌కీ 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. డిగ్రీ చేతికి రావాలంటే వార్డుల్లో చేయాల్సిన క్లినికల్ గంటలు నూటికి నూరూ పూర్తిచేయాలి. ఏడుస్తూ ఇంటికొచ్చి కూర్చున్న ప్రతి రోజూ తర్వాత ఎక్కడో ఒకచోట మళ్లీ చేసి తీరాల్సిందే.

ఇక ఇంగ్లిష్ సంగతి. నేనూ తెలుగు మీడియమే. పదకొండేళ్లు వార్డుల్లో చేసి, తర్వాత ట్యూటర్‌గా పిల్లల్ని వార్డులకు తీసుకెళ్లాను. మొదటి ఏడాది తప్పేవాళ్లలో తెలివి తక్కువ పిల్లలు నాకు పెద్దగా కనపడలేదు. తెలిసినదాన్నే పోల్చుకోలేక తప్పేవాళ్లే ఎక్కువ. మీ అమ్మాయి ఇంటర్‌లో గుండె పాఠం చదివే ఉంటుంది. రెండు కర్ణికలు, రెండు జఠరికలు అని బొమ్మ కూడా గీసి ఉంటుంది. ఇక్కడ అవే ఏట్రియం, వెంట్రికిల్ అన్న పేర్లతో ఎదురయ్యాయి. వృక్కం కిడ్నీ అయింది, క్లోమం పాంక్రియాస్ అయింది. పాఠం కొత్తది కాదు, పేర్లే కొత్తవి. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో పిల్ల అంతా మొదట్నుంచీ నేర్చుకోవాలేమోనని బెదిరిపోతోంది.

ఒక పొడుగు నోటు పుస్తకం కొనివ్వండి. పేజీకి మూడు గళ్లు గీయమనండి. మొదటి గడిలో ఇంటర్ తెలుగు మాట, రెండో దాంట్లో ఇంగ్లిష్ మాట, మూడో దాంట్లో రోగి నోటి వెంట వచ్చే మాట. శ్వాస ఇబ్బంది, డిస్‌ప్నియా, "దమ్మొస్తుంది బిడ్డా". మూత్రం తగ్గడం, ఒలిగ్యూరియా, "ఒంటికి సరిగ్గ వస్తలేదు". రోజుకు పది మాటలు చాలు. వైద్యంలో ఇంగ్లిష్ పేర్లు చాలావరకు ముక్కలు అతికించి చేసినవే. చివర "ఐటిస్" వస్తే వాపు, "ఎక్టమీ" వస్తే కోసి తీసేయడం, "నెఫ్రో" అంటే కిడ్నీ, "హెపటో" అంటే కాలేయం. ఇలాంటివి ఓ యాభై ముక్కలు వస్తే ఎప్పుడూ వినని జబ్బు పేరునూ విడగొట్టి అర్థం చేసుకోగలదు. ఆ పేపర్లో 75 మార్కులకు అనాటమీ 37, ఫిజియాలజీ 38. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే సగం జవాబు రాసినట్టే. పేర్లు లేని బొమ్మలు జిరాక్స్ తీసుకుని రోజూ రాత్రి ఒకటి నింపమనండి.

ఇంకో పని చెప్పండి, ఇది ఏ కోచింగూ నేర్పదు. పొద్దున డ్యూటీ మారేటప్పుడు నైట్ సిస్టర్ డే సిస్టర్‌కు ఓవర్ ఇస్తుంది. "బెడ్ నంబర్ 12, పోస్ట్ ఆప్ డే టూ, డ్రెయిన్ 50 ఎంఎల్, రాత్రి టెంపరేచర్ 100" అని గడగడా చెప్పుకుపోతుంది. పిల్లలు చాలామంది అప్పుడు వెనక గోడకు ఆనుకుని నిల్చుంటారు. మీ అమ్మాయిని ముందుకెళ్లి సిస్టర్ పక్కన నిల్చోమనండి. మొదటి వారం సగం కూడా అర్థం కాదు. నెల తిరిగేసరికి తనే చెప్పగలుగుతుంది. నాకు వచ్చిన ఇంగ్లిష్ అంతా అక్కడ నేర్చుకున్నదే.

ఆ మూడో గడి ఎందుకు పెట్టమన్నానో చెప్పాలి. కొన్నేళ్ల కిందట రెండో ఏడాది పిల్లల్ని మెడికల్ వార్డుకు తీసుకెళ్లాను. అందులో ఒకమ్మాయి థియరీలో ఎప్పుడూ అంచుమీదే పాసయ్యేది. ఆ రోజు ఒక పెద్దావిడకు రక్తం ఎక్కిస్తున్నారు. మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. ఆవిడ దుప్పటి దగ్గరికి లాక్కుంటూ "నడుం పీకుతోంది బిడ్డా, చలి పెడుతోంది" అంది. పక్క మంచం దగ్గరున్న సిస్టర్ వినలేదు. ఈ పిల్ల వింది. రక్తం వెళ్లే గొట్టాన్ని మేం సెట్ అంటాం, దానికున్న క్లాంప్ ముందు మూసేసి, ఆ తర్వాత "సిస్టర్!" అని కేకేసింది. సరిపడని రక్తం ఎక్కితే మొదటి 15 నిమిషాల్లో కనిపించే గుర్తులివే: వణుకు, నడుం నొప్పి, గుండె దడ. ముందు రక్తం ఆపాలి, సెట్టు మార్చి సెలైన్ పెట్టాలి, డాక్టర్‌ను పిలవాలి. వరసే ముఖ్యం. ఆ పెద్దావిడ తన భాషలో చెప్పిన మాట పుస్తకంలో ఏ లక్షణమో ఆ పిల్లకు తట్టింది. మన ప్రభుత్వాసుపత్రులకు వచ్చేవాళ్లు తెలుగులోనే చెప్పుకుంటారు, అందులోనూ తమ ఊరి తెలుగులో. మీ బిడ్డ సిగ్గుపడుతున్న ఆ తెలుగు మీడియం అక్కడ ప్రాణం కాపాడుతుంది.

ఒక్క చోట మాత్రం గట్టిగా ఉండమనండి: లెక్కలు. బైపీసీ పిల్లలకు లెక్కలంటే భయం, కానీ మందు లెక్క తప్పితే క్షమించేవాళ్లుండరు. 500 ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో వెళ్లాలి, ఆ సెట్టుకు ఒక ఎంఎల్ 20 చుక్కలు అనుకోండి. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు, అంటే నిమిషానికి 42 చుక్కలు. ఇన్సులిన్ ఇంకా జాగ్రత్త. మన దగ్గర ఎంఎల్‌కు 40 యూనిట్ల సీసా ఉంది, 100 యూనిట్ల సీసా కూడా ఉంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే రోగికి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి తెలివి తప్పుతాడు. రోజూ రెండు లెక్కలు చేయడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి.

జీఎన్‌ఎంలోకి మార్చాలనే ఆలోచన వద్దు. అక్కడా అనాటమీ ఉంది, పుస్తకాలు అక్కడా ఇంగ్లిషే. మూడేళ్లు చదివాక డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్లు. చేతిలో ఉన్న నాలుగేళ్ల సీటు వదిలి ఐదేళ్ల దారి ఎందుకు పట్టాలి?

చుట్టాల మాట గురించి. అవునన్నా, బెడ్‌పాన్ పెడతాం, తీస్తాం, ఒళ్లు తుడుస్తాం. తుడిచేటప్పుడే నడుం కింద చర్మం ఎర్రబడిందా, పుండు పడబోతోందా అని చూస్తాం. మూత్రం ఎంత వచ్చిందో కొలిచి రాస్తేనే కిడ్నీ పనిచేస్తోందో లేదో డాక్టర్‌కు తెలుస్తుంది. ఆ మాట అన్నవాళ్ల ఇంట్లో ఎవరైనా నాలుగు రోజులు ఐసీయూలో ఉండి వస్తే ఈ సంగతి మనం చెప్పక్కర్లేదు.

చదువయ్యాక ఏమిటనేది మీ అసలు బెంగ అనుకుంటాను. ఉన్నదున్నట్టు చెబుతాను. చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం తక్కువగానే ఉంటుంది. సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు 20,000 తగ్గకూడదంది. అది అమలు కాని చోట్లు చాలా ఉన్నాయి. నేను చేరిన మొదటి ఆసుపత్రిలో బాండ్ పేరుతో నా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్నారు. మంచి ఉద్యోగం వచ్చినా ఏడాదిన్నర కదలలేకపోయాను. మీ అమ్మాయి ఎక్కడ చేరినా జిరాక్సులే ఇవ్వాలి. ఈ ఒక్కటీ రాసిపెట్టుకోండి.

పాసవగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించాలి, అది లేకుండా ఎక్కడా చెల్లదు. తర్వాత కనీసం రెండేళ్లు పెద్దాసుపత్రిలో, వీలైతే ఐసీయూలోనో క్యాజువాలిటీలోనో చేయాలి. పక్కనే పరీక్షలకు చదవాలి. తెలంగాణలో 2024 నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్‌లో మొదలు మూలవేతనం 36,750. ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు మీదో ఔట్‌సోర్సింగ్‌లోనో చేసినవాళ్లకు నూటికి 20 మార్కుల దాకా వెయిటేజీ ఇచ్చారు. జీతం తక్కువైనా ప్రభుత్వ కాంట్రాక్టు వస్తే వదలొద్దని నేననేది అందుకే. ఎయిమ్స్ పెట్టే నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్‌సెట్‌లో నెగ్గితే మూలవేతనం 44,900. బీఎస్సీ వాళ్లు అనుభవం లేకుండానే రాయొచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు రెండేళ్ల అనుభవం అడుగుతారు. చుట్టాలకు ఈ అంకెలు చెప్పండి, వాళ్లకు అంకెలు త్వరగా అర్థమవుతాయి.

ఇప్పుడు జర్మనీ. ఆ దారి అబద్ధం కాదు. అక్కడ మూడేళ్ల నర్సింగ్ శిక్షణ ఉంది, స్టైపెండూ ఇస్తారు. కానీ జర్మన్ భాష రావాలి. ఇంగ్లిష్ పుస్తకం చూసి ఏడుస్తున్న పిల్ల, ఎవరూ తెలియని ఊళ్లో జర్మన్‌లో అనాటమీ చదువుతుందా? అదే బీఎస్సీ పూర్తిచేసి, రిజిస్టరై, రెండేళ్ల వార్డు అనుభవంతో, ధారాళంగా మాట్లాడగలిగే బీ2 స్థాయి జర్మన్ నేర్చుకుని వెళ్తే శిక్షణ మొదట్నుంచీ చేయక్కర్లేదు. డిగ్రీకి గుర్తింపు తెచ్చుకుని నర్సుగానే పనిచేస్తుంది. పంపడానికి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, హైదరాబాద్‌లోనే. ప్రైవేటు ఏజెంటైతే విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంట్ కూడా ఉద్యోగం ఇప్పించినందుకు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000, పైన జీఎస్టీ. రెండున్నర లక్షలు అడిగినాయన్ను లైసెన్సు నంబరు అడగండి. మాట మారుస్తాడేమో చూడండి.

రేపే వెళ్లండి. ఒక్కరే వద్దు, ఊళ్లో మాట చెల్లేవాళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకోండి. గొడవ పెట్టుకోకుండా "అమ్మాయి ఇక్కడే చదువుతానంటోంది" అనండి. పదివేలు తిరిగివ్వడానికి వాయిదాలు పెడితే పెట్టనివ్వండి, కాగితం మీద రాయించుకోండి. పాస్‌పోర్టు దగ్గర మాత్రం వాయిదా ఒప్పుకోకండి. ఇవ్వనంటే అక్కణ్నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. వచ్చేటప్పుడు కాలేజీకి ఫోన్ చేసి సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిలోగా కట్టాలో కనుక్కోండి.