సైన్యం నుంచి రిటైరైనవాళ్ళకి ప్రకృతి థెరపీ బెంగళూరులో కుదురుతుందా? మా ఇంటి అనుభవం

మీ ప్రశ్న చదివాను. మీవారు ఆర్మీ నుంచి వచ్చేశాక రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడుతున్నారు, పిల్లల మీద కస్సుమంటున్నారు. అమెరికాలో మాజీ సైనికులను అడవులకీ నదులకీ తీసుకెళ్ళే క్యాంపులున్నాయని మీ తమ్ముడు చెప్పాడు. ఇక్కడ అలాంటివి పనిచేస్తాయా అని అడిగారు.

మేలు చేస్తుంది, మా ఇంట్లో చూశాను. కానీ ఉత్త చెట్లగాలి వల్ల కాదు. పక్కన తనలాంటి ఫౌజీలుండాలి, చేతికి పనుండాలి. డాక్టరు వైద్యం ఎలాగూ ఆపకూడదు.

మావారు మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం. 2001 చివర్లో ఆపరేషన్ పరాక్రమ్ మొదలైనప్పుడు పాకిస్తాన్ సరిహద్దు వెంట మైన్లు, అంటే మందుపాతరలు, పాతారు కదా, తర్వాత వాటిని తీసినవాళ్ళలో ఈయనా ఉన్నారు. తోటి జవాను కాలు పోవడం కళ్ళారా చూశారు. రిటైరై లింగరాజపురంలో ఇల్లు తీసుకున్నాక, పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు కొడితే అన్నీ సర్దుకుంటాయని బంధువులంతా ఒకటే సలహా. మా ఆడపడుచు కొడుకు ప్రేమగా తురహళ్ళి అడవికి తీసుకెళ్ళాడు. దారంతా ఎండుటాకులు. కింద నేల కనిపించదు. ఈయన ప్రతి అడుగూ చూసుకుంటూ, నా అడుగులోనే అడుగెయ్యి అని ఆ కుర్రాడికి గట్టిగా చెబుతూ నడిచారట. ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

అందుకే ముందు మీవారు ఎక్కడ, ఏ డ్యూటీ చేశారో గుర్తు పెట్టుకుని చోటు ఎంచుకోండి. దట్టమైన పొదల్లో గాలింపు డ్యూటీ చేసినవాళ్ళకి పొదలు హాయినివ్వకపోవచ్చు. ఆదివారం కబ్బన్ పార్కు, పూల ప్రదర్శన రోజుల్లో లాల్‌బాగ్ జనంతో కిక్కిరిసి ఉంటాయి, వద్దు. మాకు కలిసొచ్చింది చెరువు కట్ట. నాలుగువైపులా దూరం వరకు కనిపిస్తుంది, కాలికింద గట్టి నేల, వెనక నుంచి ఎవరొస్తున్నారో తెలుస్తుంది.

కల్కెరె చెరువు దగ్గర మొక్కలు నాటేవాళ్ళతో ఈయన పాత యూనిట్ మిత్రుడొకాయన కలిసి పనిచేసేవారు. ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. నేను చెబితే కదిలేవారు కాదు, ఆయన పిలిస్తే బూట్లు వేసుకున్నారు. మొదటిరోజు ఈయనకి ఇచ్చిన పని కానుగ మొక్కలకి వెదురు కర్రలు కట్టడం. తాడు రెండు చుట్లు తిప్పి సాపర్ ముడి వేసి, చివర లాగి బిగించారు. అక్కడున్న పెద్దాయన ఒకరు ఆ ముడి పట్టుకుని ఊపి చూసి, "ఏ కంపెనీ?" అని అడిగారు, అంటే సైన్యంలో ఏ దళమని. ఆ తర్వాత ఇద్దరూ ఎండెక్కేదాకా మాట్లాడుకున్నారు. నాతో ఎన్నడూ చెప్పని సంగతులు ఆయనకి చెప్పారని తర్వాత తెలిసింది. నాకు బాధనిపించలేదు, సంతోషమనిపించింది.

అమెరికాలో ఇది మొదలైన తీరు కూడా ఇలాంటిదే. ఎర్ల్ షాఫర్ అనే ఆయన రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక, ఆ యుద్ధాన్ని నడిచి వదిలించుకోవాలని 1948లో అపలేచియన్ కాలిబాట మొత్తం నడిచారు, మూడు వేల కిలోమీటర్ల పైమాటే. 2005లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో గాయపడ్డవాళ్ళకి గాలం వేసి చేపలు పట్టడం నేర్పే కార్యక్రమం మొదలైంది. 2020లో అక్కడి ప్రభుత్వం మాజీ సైనికుల కోసం ప్రకృతిలో కార్యక్రమాలను ప్రోత్సహించే బృందానికి చట్టమే చేసింది. వీటిమీద జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి. మనసు తేలికపడుతుందని చెబుతాయి గానీ, వైద్యం మానేయమని ఏదీ చెప్పదు.

ఆ వైద్యం సంగతే ఇప్పుడు. ప్రమాదం లేకపోయినా శరీరం కాపలా డ్యూటీ దిగదు, అదీ ఈ జబ్బు, డాక్టర్లు పీటీఎస్‌డీ అంటారు. పిరికితనమూ కాదు, పొగరూ కాదు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డుంటే పాలీక్లినిక్‌కి వెళ్ళి సైకియాట్రిస్టుకి రెఫరల్ అడగండి. హోసూరు రోడ్డులో మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రి ఎలాగూ ఉంది. జ్ఞాపకాలను కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే థెరపీ ఉంటుంది. మావారికి ఎండుటాకుల దారి మీద నడవడం కూడా తర్వాత ఆ థెరపీలో భాగమైంది. కాకపోతే సైకాలజిస్టు చెప్పిన వరుసలో, తొందర లేకుండా.

మీవారు ఐటీ కంపెనీలో నైట్ సెక్యూరిటీ చేస్తున్నారని రాశారు. ముందు ఆ షిఫ్ట్ మార్పించండి. ఆ డ్యూటీ చేస్తూ నిద్ర బాగుపడాలంటే చాలా కష్టం. మిలిటరీ క్యాంటీన్ రమ్ము తాగితేనే నిద్ర పడుతోందంటే డాక్టరుకి దాచకుండా చెప్పండి. మొదట్లో మీరు వెంట వెళ్ళకండి, పాత మిత్రులతో పోనివ్వండి. పిల్లల్ని ఆయనే తీసుకెళ్తానన్న రోజున పంపండి.

ఎప్పుడైనా బతికి లాభం లేదని అంటే మాత్రం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ ఉచితం. కన్నడ రాదని సంకోచపడకండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు.