జూడో గ్రీన్ బెల్ట్ గ్రేడింగ్‌కి ఎలా సిద్ధమవ్వాలి?

ఆరెంజ్ బెల్ట్‌లో ఉన్నాను, నెలలో గ్రీన్ బెల్ట్ గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) ఉంది, ఏం చేయాలని అడిగారు. ముందు కోచ్ దగ్గర సిలబస్ తీసుకోండి. ఒక్కో చోట ఒక్కో జాబితా ఉంటుంది.

కొత్త త్రోల (ఎదుటివారిని పడేసే పట్ల) ఆత్రంలో చాలామంది పాతవి వదిలేస్తారు. మొదట్లో నేర్చుకున్న ఓ-సోతో-గరి (బయటి వైపు నుంచి కాలు లాగేసే త్రో) కూడా అడగొచ్చు. ఏ త్రో అయినా మూడు అంచెలు: కుజుషితో ఎదుటివారి తూకం తప్పించాలి, త్సుకురితో మన ఒంటిని సరైన చోటికి తేవాలి, కాకెతో పడేయాలి. నా లెక్కలో ఎక్కువమంది తడబడేది కుజుషి దగ్గరే. హరాయి-గోషిలో (నడుము ఆనించి, కాలితో ఊడ్చి పడేసే త్రో) చేతులతో ముందుకు లాగకుండానే కాలు విసురుతారు. అవతలివారు గోడలా నిలబడే ఉంటారు! ఉచికోమి (పడేయకుండా త్రోలోకి వెళ్లడాన్ని పదే పదే చేసే సాధన) రోజూ చేయండి, కానీ వేగం కోసం లాగడం తగ్గించకండి.

జపనీస్ పేర్లంటే టెన్షన్ వద్దు. గోషి అంటే నడుము, అషి అంటే కాలు, గరి అంటే కొడవలితో కోసినట్టు కాలు లాగేయడం. అర్థం తెలిస్తే పేరే త్రోని గుర్తు చేస్తుంది.

నే-వాజాలో (నేల మీద చేసే కుస్తీలో) పట్టు వేయడంతో పాటు విడిపించుకోవడమూ సాధన చేయండి. పోటీలో 20 సెకన్లు అదిమి ఉంచితే ఇప్పోన్ (పూర్తి పాయింట్, అంటే గెలుపు), కాబట్టి కేసా-గతామె అనే అదిమే పట్టును గడియారం పెట్టుకుని పట్టి చూడండి. గ్రేడింగ్‌లో మీతో కలిసి చేసే జోడీని ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఆ రోజు గోళ్లు కత్తిరించుకుని, ఉతికిన గీ (జూడో డ్రెస్) వేసుకెళ్లండి.